కర్ణాటక: సరిహద్దులు మార్చిన బలాబలాలు

కర్ణాటక శాసనసభకు 2008 మే నెలలో మూడు దశల్లో జరిగిన ఎన్నికల్లో కాంగ్రెసుకు 34.8 శాతం, భారతీయ జనతా పార్టీకి 33.9 శాతం ఓట్లు లభించాయి. స్థానాలు మాత్రం కాంగ్రెసుకు 80, బీజేపీకి 110. ఈ తేడాకు గల కారణాల్లో నియోజకవర్గాల పునర్విభజన ఒకటి.

అంతవరకూ ఆ రాష్ట్రంలో 1971 జనాభా లెక్కల ప్రకారం ఏర్పడిన నియోజకవర్గాలే కొనసాగాయి. జస్టిస్ కుల్దీప్ సింగ్ కమిషన్ 2001 లెక్కల ఆధారంగా కొత్త సరిహద్దులు నిర్ణయించినా కేంద్రం వాటి అమలును నాన్చింది. సొంత స్థానాలు గల్లంతయ్యే నాయకులు అన్ని పార్టీల్లోనూ ఉన్నారు మరి! 2007 డిసెంబరులో సుప్రీంకోర్టు సంజాయిషీ కోరుతూ నోటీసు జారీ చేసిన తరువాతే కదలిక వచ్చింది. సరిహద్దుల నిర్ణయాన్ని కోర్టుల్లో సవాలు చేయడానికి రాజ్యాంగంలోని 329వ అధికరణం అడ్డు వస్తుంది. నిర్ణయమైన వాటిని అటకెక్కించడం ఎందుకని అడగడానికి ఆ అడ్డు లేదు. 2008 ఫిబ్రవరి 19న రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడింది.

మొత్తం స్థానాలు 224గానే ఉన్నాయి. కానీ బెంగళూరు వాటా 16 నుంచి 28కి పెరిగింది. 1971లో 16 లక్షలు దాటిన ఆ మహానగర జనాభా 2001 నాటికి 57 లక్షలకు చేరింది. నగరానికి దక్కిన 12 స్థానాలు తక్కిన జిల్లాలు వదులుకున్నవే. ఆ 28లో 17 బీజేపీ ఖాతాలో పడ్డాయి. సాతనూరు స్థానమే రద్దు కావడంతో కాంగ్రెసు నేత డి.కె. శివకుమార్ కనకపురకు మారి గెలిచారు.

షెడ్యూల్డు తెగల స్థానాలు 2 నుంచి 15కు పెరగడం మరో పెద్ద మార్పు. నాయక, బేడ తదితర వర్గాలను 1991లో ఆ జాబితాలో చేర్చినా, సీట్ల లెక్కలో వారికి చోటు దక్కడానికి 17 ఏళ్లు పట్టింది. రాయలసీమను ఆనుకుని ఉన్న బళ్లారి జిల్లాలోని 9 స్థానాల్లో తెగలకు 5, కులాలకు 2 కేటాయించగా, జనరల్ స్థానాలు రెండే మిగిలాయి. బీజేపీ అక్కడ 8 గెలుచుకుంది. బి. శ్రీరాములు తెగల రిజర్వుడు స్థానమైన బళ్లారి గ్రామీణం నుంచి నెగ్గారు.

అయితే ఆ ఫలితాలను సరిహద్దులకే ఆపాదించడం అమాయకత్వం. ఇనుప ఖనిజం తెచ్చిన ధనబలం బళ్లారిలో అందరికీ తెలిసినదే. ఒప్పందం ప్రకారం 2007లో అధికారం అప్పగించని జనతాదళ్ (ఎస్) 58 స్థానాల నుంచి 28కి పడిపోయింది. మెజారిటీకి మూడు స్థానాల దూరంలో ఆగిన బీజేపీ స్వతంత్రుల మద్దతు కూడగట్టుకోగా, మే 30న యడ్యూరప్ప ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం చేశారు.