ఆ అర సెకను ఎందుకు ఆలస్యమైంది?

మీ రెజ్యూమెలో ‘ఓపెన్ సోర్స్ కాంట్రిబ్యూటర్’ అనే లైను ఉందా? ఉంటే మంచిదే. ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్నాయన ల్యాప్‌టాప్ మీ వైపు తిప్పి, ‘ఏదీ, ఆ పుల్ రిక్వెస్ట్ తెరవండి. ఏం మార్చారు? ఎందుకు మార్చారు?’ అనడిగితే ఏం చెబుతారు?

ఫైనలియర్‌లో నన్నడిగారు ఈ ప్రశ్న. నేను చేసిందల్లా ఒక ప్రాజెక్టు రీడ్‌మీ ఫైల్లో రెండు కామాలు పెట్టి, ఒక స్పెల్లింగు దిద్దడం. ‘ఇలా చేస్తే గిట్‌హబ్ ప్రొఫైల్లో పచ్చ గడి పడుతుంది’ అని సీనియర్ ఒకరు చెబితే చేశాను. తెరిచి చూపించాను. ఆయన చూసి, ఏమీ అనకుండా తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. ఏదో ఒకటి అన్నా బాగుండేది.

ఓపెన్ సోర్స్ అంటే ఏంటో మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. కోడ్ అందరికీ కనిపిస్తుంది. లైసెన్సు షరతులకు లోబడి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. మీ ఆండ్రాయిడ్ ఫోను అడుగున ఉన్నది లినక్స్ కెర్నలే. ప్రపంచంలోని టాప్ 500 సూపర్ కంప్యూటర్లన్నీ 2017 నవంబరు నుంచి లినక్స్ మీదే నడుస్తున్నాయి. ఇవన్నీ కాలేజీ సెమినార్లలో చెబుతారు. కానీ ఇంత పెద్ద వ్యవస్థని రోజూ కనిపెట్టుకుని ఉండేదెవరు, వాళ్లు కొత్తవాళ్లని ఎలా నమ్ముతారు అన్నది ఎవరూ చెప్పరు. అది అర్థం కావాలంటే 2024లో జరిగిన ఒక సంగతి తెలుసుకోవాలి.

0.299 నుంచి 0.807కి

ఆ ఏడాది మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తన పనేదో తను చేసుకుంటున్నారు. మైక్రోసాఫ్ట్‌లో ఉద్యోగం, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్లలో ఒకరు. పోస్ట్‌గ్రెస్ వేగం కొలవాలని డెబియన్ లినక్స్ ఉన్న మెషీన్‌లో మిగతా సందడి తగ్గిస్తున్నారు. అప్పుడు కనిపించింది. ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ఉండాల్సిన దానికంటే ఎక్కువ సీపీయూ తింటోంది. తప్పుడు యూజర్ పేరుతో లాగిన్ అవ్వాలని చూస్తే, ఇంతకుముందు 0.299 సెకన్లలో ‘కుదరదు’ అనే మెషీన్ ఇప్పుడు 0.807 సెకన్లు తీసుకుంటోంది.

అర సెకను. మనమైతే ఏమనుకుంటాం? నెట్ స్లోగా ఉందేమోలే అనుకుంటాం. ఆయన అలా వదిలేయలేదు. ఆ సమయం ఎక్కడ ఖర్చవుతోందో ప్రొఫైలర్ పెట్టి చూస్తే, లిబ్‌ఎల్‌జడ్‌ఎమ్‌ఏ అనే లైబ్రరీ దగ్గర తేలింది. అంతకు కొన్ని వారాల ముందు మెమొరీ లోపాలు పట్టే వాల్‌గ్రైండ్ టూల్ కూడా ఏదో వింతగా సణిగిన సంగతి గుర్తొచ్చింది. రెండూ కలిపి తవ్వుకుంటూ పోయారు. మార్చి 29న భద్రతా నిపుణుల మెయిలింగ్ లిస్టుకు ఒక మెయిల్ పెట్టారు. తను సెక్యూరిటీ పరిశోధకుణ్ని కాదని ఆ మెయిల్లోనే చెప్పుకున్నారు.

ఆయన పట్టుకున్నది ఎక్స్‌జడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎవరో కావాలని పెట్టిన దొంగ దారి. ఎక్స్‌జడ్ చేసే పని ఫైళ్లను కుదించడం, జిప్ లాంటిదే. దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉంటుంది. ఎస్‌ఎస్‌హెచ్‌కి నిజానికి దాంతో పనిలేదు. కానీ డెబియన్ లాంటి కొన్ని లినక్స్‌లు ఎస్‌ఎస్‌హెచ్‌ని సిస్టమ్‌డీతో కలపడానికి చిన్న అతుకు వేశాయి. సిస్టమ్‌డీ లైబ్రరీకి అప్పట్లో ఈ లిబ్‌ఎల్‌జడ్‌ఎమ్‌ఏ అవసరమయ్యేది. అలా ఇంటి తాళానికీ, అటక మీది పాత పెట్టెకీ మధ్య ఎవరూ పట్టించుకోని తాడొకటి ఉండేది. దుండగుడు పట్టుకున్నది ఆ తాడునే. అతని దగ్గరున్న ప్రత్యేకమైన తాళంచెవితో ఆ సర్వర్లలోకి ఎక్కణ్నుంచైనా దూరొచ్చు. తీవ్రత పదికి పది అని లెక్కగట్టారు.

చెడ్డ కోడ్ ఉన్నది 5.6.0, 5.6.1 వెర్షన్లలో. అప్పటికి డెబియన్, ఫెడోరా లాంటి వాటి టెస్టింగ్ విడుదలల్లోకే చేరింది. అందరూ వాడే స్థిరమైన విడుదలల్లోకి ఇంకా రాలేదు. వచ్చాక తెలిసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

నమ్మకం సంపాదించి మరీ

ఈ కథలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ కోడ్ కాదు, అది లోపలికి వచ్చిన తీరు. ఎక్స్‌జడ్‌ని ఏళ్లుగా చూసుకుంటున్నది లాసె కోలిన్ అనే ఫిన్లాండ్ వ్యక్తి. జీతం లేని పని. 2021లో ‘జియా టాన్’ అనే పేరుతో ఒకరు వచ్చారు. చిన్నచిన్న ప్యాచ్‌లు పంపారు, అన్నీ పనికొచ్చేవే. 2022లో మరికొన్ని పేర్లతో మెయిళ్లు మొదలయ్యాయి. ప్యాచ్‌లు ఎందుకు తీసుకోవట్లేదు, ప్రాజెక్టు ఆగిపోయిందా, ఇంకొకరికి అప్పగించొచ్చు కదా అని. తనకు చాలాకాలంగా మానసిక ఆరోగ్య సమస్యలున్నాయని, ఇది డబ్బు రాని హాబీ ప్రాజెక్టు అని కోలిన్ బదులిచ్చారు. క్రమంగా జియా టాన్‌కే విడుదలలు చేసే అధికారం దక్కింది. 2024లో దెబ్బ పడింది. టెస్ట్ ఫైళ్లలో, పాడైపోయిన నమూనాల్లాగా కనిపించే వాటిలో, అసలు సరుకు దాచారు. దాన్ని బయటికి తీసే స్క్రిప్టు లైను గిట్ రిపోలో లేదు. విడుదల చేసిన టార్ ఫైల్లో మాత్రమే ఉంది. ఆ పేరు వెనక ఎవరున్నారో బయటపడలేదు.

ఓపిగ్గా ఉండు, చిన్న పనులతో మొదలుపెట్టు, మెయింటెయినర్‌కి సాయపడు అని మాలాంటివాళ్లం మీకు చెబుతుంటామా? జియా టాన్ సరిగ్గా అవే చేశాడు. అందుకే ఇప్పుడు కొత్తవాళ్ల మంచితనం చూసి ఎవరూ మురిసిపోరు. మీ ప్యాచ్ చిన్నదా, చదివితే అర్థమవుతుందా, తిరిగి పరీక్షించి చూడొచ్చా అన్నవే చూస్తారు. ఇంకోటి: పుల్ రిక్వెస్ట్ పెట్టిన మూడో రోజే ‘సర్, ఇంకా మెర్జ్ చేయలేదేంటి’ అని కామెంట్ పెట్టే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది. కోలిన్ మీద వచ్చిన ఒత్తిడి కూడా అదే రూపంలో వచ్చింది. రెండు వారాలు ఆగి, మర్యాదగా ఒక్కసారి గుర్తుచేయండి, చాలు.

పచ్చ గడుల పిచ్చి

2020లో హాక్టోబర్‌ఫెస్ట్ అనే వార్షిక కార్యక్రమంలో నాలుగు పుల్ రిక్వెస్టులు పంపితే టీషర్టు ఇస్తామన్నారు. రీడ్‌మీలో ఏదో ఒక మాట చేర్చి పంపడం ఎంత తేలికో ఒక యూట్యూబ్ వీడియో చూపించింది. ప్రాజెక్టులన్నీ చెత్తతో నిండిపోయాయి. అక్టోబరు మొదటి వారంలోనే నిర్వాహకులు నిబంధన మార్చి, ‘మాకు ఇష్టమే’ అన్న రిపోలకే పరిమితం చేయాల్సి వచ్చింది. 2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ జేఎస్ వంతు. మన దేశంలో బాగా నడిచిన ఒక పాఠంలో పుల్ రిక్వెస్ట్ ఎలా పెట్టాలో ఉదాహరణగా ఆ రిపోనే చూపించారు. చూసినవాళ్లు చూసినట్టు వెళ్లి అక్కడే తమ పేర్లు రాసి పంపారు. పాఠం చెప్పినాయన ఉద్దేశం అది కాకపోవచ్చు. కానీ ఆ చెత్త ఎత్తిపోసింది జీతం లేకుండా పనిచేసే మనుషులు.

ఇప్పుడు దీనికి ఏఐ తోడైంది. కర్ల్ టూల్ సృష్టికర్త డేనియల్ స్టెన్‌బెర్గ్‌కి ఏఐ రాసిన సెక్యూరిటీ రిపోర్టులు కుప్పలుగా వచ్చాయి. చదవడానికి గంభీరంగా ఉంటాయి, తీరా చూస్తే అందులో చెప్పిన లోపమే ఉండదు. 2025లో ఆయన దీనిమీద బహిరంగంగానే మండిపడ్డారు. రిపోర్టు పంపేవాళ్లు ఏఐ వాడారో లేదో ముందే చెప్పాలన్నారు. జెంటూ లినక్స్ అయితే 2024 ఏప్రిల్లోనే ఏఐతో రాసిన కోడ్ వద్దని తీర్మానించింది. మీరు చేరబోయే ప్రాజెక్టులో కాంట్రిబ్యూటింగ్ అనే ఫైలు ఉంటుంది. ముందు అందులో ఏఐ గురించి ఏముందో చూడండి. నా మట్టుకు నేను ఏఐని తెలియని కోడ్ చదివేటప్పుడు పక్కన కూర్చునే స్నేహితుడిలా వాడతాను. నా పేరుతో పంపే ప్రతి లైనూ ఎందుకుందో నేనే చెప్పగలగాలి. ఇంటర్వ్యూలో అడిగేదీ అదే కదా.

‘శ్రీ’ పొడవెంత?

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? మీరు రోజూ వాడేదాంట్లో, మీకు చిరాకు తెప్పించే చోట. అందులో మనకి ఒక వాటం ఉంది. అదే తెలుగు.

2018 ఫిబ్రవరి గుర్తుందా? ‘జ్ఞా’కు సంబంధించిన ఒక అక్షర కూర్పు మెసేజ్‌లో వస్తే ఐఫోన్లో యాప్‌లు కుప్పకూలేవి. ప్రపంచమంతా నవ్వుకుంది. యాపిల్ సరిదిద్దిన వెర్షన్ ఇచ్చేదాకా ఎదురుచూడటం తప్ప మనం చేయగలిగింది లేదు, ఆ కోడ్ మనకు కనపడదు కాబట్టి. కానీ క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్, లిబ్రె ఆఫీస్‌లలో తెలుగు అక్షరాల్ని కూర్చే హార్ఫ్‌బజ్ ఓపెన్ సోర్స్. తప్పు కనిపిస్తే చెప్పొచ్చు, కోడ్ తెరిచి చూడొచ్చు.

నా సంగతే చెబుతాను. నేను వాడే చిన్న నోట్స్ యాప్ ఒకటి ఉండేది. జాబితాలో శీర్షికను 20 అక్షరాల దగ్గర కత్తిరించేది. ఇంగ్లిష్‌లో బాగానే ఉండేది. తెలుగులో ‘శ్రీ’ సరిగ్గా ఆ అంచున పడితే ‘శ్’ అని సగం అక్షరం మిగిలేది. ఎందుకంటే మన కంటికి ఒక్క అక్షరమైన ‘శ్రీ’ కంప్యూటర్‌కి నాలుగు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. బ్రౌజర్ కన్సోల్ తెరిచి జావాస్క్రిప్ట్‌ని ‘శ్రీ’ పొడవెంతో అడగండి, 4 అంటుంది.

స్క్రీన్‌షాట్లతో బగ్ రిపోర్టు రాశాను. మెయింటెయినర్‌కి తెలుగు రాదు, రెండు చిత్రాలకీ తేడా తెలియలేదు. ఏది తప్పో, ఎందుకు తప్పో మళ్లీ విడమర్చి రాశాను. ఆ తర్వాతే కోడ్ జోలికెళ్లాను. జావాస్క్రిప్ట్‌లోనే ఉన్న సెగ్మెంటర్‌తో కత్తిరించేలా మార్చాను. నా మెషీన్లో పనిచేసింది, పాత బ్రౌజర్లో టెస్ట్ ఫెయిలైంది. కారణం వెతికితే తేలింది, తెలుగుతో సహా ఆరు భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విడగొట్టకూడదన్న నియమం యూనికోడ్ 15.1తో, అంటే 2023 సెప్టెంబరులో వచ్చింది. అంతకుముందు ‘శ్’ ఒకటి, ‘రీ’ ఒకటి. మొత్తం 14 లైన్లు. మెర్జ్ అవడానికి ఆరు వారాలు పట్టింది.

తర్వాత ఉద్యోగం మారేటప్పుడు ఇంటర్వ్యూలో మళ్లీ అదే ప్రశ్న వచ్చింది. ఈసారి అరగంట ‘శ్రీ’ చుట్టూనే తిరిగాం. బోర్డు మీద అక్షరం విడగొట్టి చూపించాల్సి వచ్చింది.

కోడ్ ఇంకా భయంగా ఉంటే బగ్ రిపోర్టుతోనే మొదలుపెట్టండి, తక్కువ పనేం కాదు. ఏ వెర్షను, ఏం చేస్తే వచ్చింది, ఏం రావాలి, ఏం వచ్చింది అన్న నాలుగూ ఉండాలి. పాత వెర్షన్లో బాగుండి కొత్తదాంట్లో పాడైతే గిట్ బైసెక్ట్ నేర్చుకోండి. మంచి కమిట్‌కీ చెడ్డ కమిట్‌కీ మధ్య వెయ్యి మార్పులున్నా, సగానికి సగం తగ్గించుకుంటూ పదిసార్లలో దోషి దగ్గరికి తీసుకెళ్తుంది. అనువాదం ఇష్టమైతే ఫైర్‌ఫాక్స్‌కి పాంటూన్, లిబ్రె ఆఫీస్‌కి వెబ్లేట్ అనే వేదికలున్నాయి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ‘స్వేచ్ఛ’ సంస్థ వాళ్లను కలవొచ్చు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి చాలాకాలంగా పనిచేస్తున్నారు.

డబ్బు విషయం అడుగుతారని తెలుసు. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005 నుంచి నడుస్తోంది. 18 ఏళ్లు నిండాలి. 2022 నుంచి విద్యార్థులు కానివాళ్లనీ తీసుకుంటున్నారు కాబట్టి డిగ్రీ అయిపోయిందని దిగులుపడక్కర్లేదు. స్టైపెండ్ దేశాన్ని బట్టి మారుతుంది. ప్రాజెక్టులు 90, 175, 350 గంటలవి ఉంటాయి. సంస్థల జాబితా మామూలుగా ఫిబ్రవరిలో వస్తుంది, దరఖాస్తులు మార్చి, ఏప్రిల్ మధ్య. అప్పుడు రిపో వెతుక్కుంటే ఆలస్యమైనట్టే. డిసెంబరుకల్లా ఒక ప్రాజెక్టు ఎంచుకుని, సోర్స్ నుంచి బిల్డ్ చేసుకుని, ఒకటో రెండో బగ్‌లు చూసి ఉంటే మెంటర్లు మిమ్మల్ని గుర్తుపడతారు. సీటు గ్యారంటీ, ఫీజు ఇంత అని ఎవరైనా అంటే మాత్రం కట్టకండి. దరఖాస్తుకి గూగుల్ ఒక్క రూపాయి తీసుకోదు, ఎంపిక చేసేది ఆ ప్రాజెక్టు వాళ్లే.