కారులోంచి పొగ వస్తే మొదటి రెండు నిమిషాల్లో ఏం చేయాలి?

ఎండలు ముదిరినయ్. మార్చి దాటిందంటే మన నల్లగొండ, పాలమూరు రోడ్ల మీద బానెట్ ఎత్తుకొని నిలబడ్డ కార్లు ప్రతి పది కిలోమీటర్లకు ఒకటి కనపడుతుంటది. అందుకే ఈ ఎపిసోడ్ మొత్తం ఒక్క విషయం మీదనే. బండి నడుస్తుండగా పొగ కనపడింది, లేదా కాలిన వాసన వచ్చింది. అప్పుడు చేతులు ఏం చేయాలి, కాళ్లు ఏం చేయాలి?

ముందు ఒక పాత సంగతి గుర్తు చేస్తాను. 2013 అక్టోబరు 30, తెల్లవారుజాము. బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ఏసీ ఓల్వో బస్సు కొత్తకోట దగ్గర పాలెం వద్ద కల్వర్టు గోడను కొట్టింది. డీజిల్ ట్యాంకు పగిలి మంట లేచింది. 45 మంది చనిపోయారు. అప్పుడు అది మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు వనపర్తి జిల్లా కిందికి వస్తది. ఎవరు ఎవరో తెలుసుకోడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. మళ్లీ 2025 అక్టోబరు 24న అదే 44వ నంబరు జాతీయ రహదారి మీద, కర్నూలు దగ్గర చిన్నటేకూరులో ఇంకో బస్సు. బైకు బస్సు కింద ఇరుక్కుంది, ఈడ్చుకుంటూ పోయేసరికి మంట అంటుకుంది. ఈ రెండూ బస్సులే కదా, నా కారుకేం సంబంధం అంటారేమో. సంబంధం ఉంది. మంట మొదలైనాక బయటపడే టైం చాలా తక్కువ. అద్దాలు మూసిన ఏసీ బండి అయితే ఇంకా తక్కువ. కారులో మనకున్న లాభం ఏందంటే, చాలాసార్లు మంటకంటే ముందు పొగ వస్తది. ఆ పొగ ఇచ్చే టైంను మనం వాడుకోవాలి.

సరే, పొగ కనపడింది. ఇండికేటర్లు నాలుగూ వేయండి. ఏసీ ఆపేయండి, ఎందుకంటే ఏసీ బ్లోయర్ ఆ పొగను లోపలికి గుంజుతది. గబుక్కున బ్రేకు కొట్టకుండా ఎడమ పక్కకు తీసుకోండి. బండి ఆగేలోపలే ఒక చేత్తో కిటికీ అద్దాలు దించండి, సెంట్రల్ లాక్ తీసేయండి. ఇది చాలామంది మర్చిపోతరు. వైర్లు కాలినయంటే పవర్ విండోలు పనిచేస్తయని నమ్మకం లేదు. అప్పుడు ఇంజన్ ఆపండి, హ్యాండ్ బ్రేక్ వేయండి, అందరూ దిగండి. వెనక సీట్లో పిల్లలుంటే చైల్డ్ లాక్ గుర్తుంచుకోండి. అది వేసి ఉంటే వెనక తలుపు లోపల్నుంచి రాదు, బయట నుంచి మీరే తీయాలి.

దిగేది ఎడమ తలుపుల నుంచి. కుడి పక్క లారీలు పోతుంటయ్. దిగినాక కనీసం వంద అడుగుల దూరం పోండి, పక్కన రెయిలింగు ఉంటే దాని అవతలికి దాటండి. గాలి ఎటు కొడుతుందో చూసి, పొగ మీ మీదికి రాని దిక్కున నిలబడండి. ప్లాస్టిక్, ఫోమ్ కాలిన పొగలో విషవాయువులుంటయ్. బ్యాగులు, ల్యాప్‌టాపు, పెండ్లికి తీసుకుపోతున్న పట్టుచీరలు, ఏదైనా సరే బండిలోనే వదిలేయండి. దూరం పోయినాక ఫోన్ చేయండి. ఫైర్‌కు 101, లేదా అన్నిటికీ కలిపి 112. జాతీయ రహదారి మీద అయితే 1033 కూడా ఉంది. ఫోన్‌లో కిలోమీటరు రాయి నంబరు చెప్పండి, ఎటు పోయే రోడ్డులో ఉన్నరో చెప్పండి. "చౌటుప్పల్ దాటినాక" అంటే సరిపోదు, హైదరాబాద్ వైపా విజయవాడ వైపా అన్నది కావాలి. మధ్యలో డివైడర్ ఉంటది కాబట్టి తప్పు వైపు వచ్చిన ఫైరింజన్ మళ్లీ తిరిగి రావడానికి చాలా టైం పడుతది.

ఇప్పుడు అసలు ప్రమాదకరమైన అలవాటు. బానెట్ ఎత్తడం. "ఏమైందో చూద్దాం అన్నా" అని అందరికీ చెయ్యి అటే పోతది. లోపల నిజంగా మంట ఉంటే, బానెట్ ఎత్తగానే గాలి దొరికి మంట ఒక్కసారిగా మీ మొహం మీదికి లేస్తది. బానెట్ అంచుల్లోంచి నల్ల పొగ వస్తున్నా, పైన పెయింట్ ఉబ్బుతున్నా దాన్ని ముట్టొద్దు.

తెల్లగా, ఆవిరిలాగా వస్తూ కొంచెం తియ్యటి వాసన ఉంటే అది కూలెంట్ మరగడం. మన దగ్గర ఎండాకాలంలో ఎక్కువగా చూసేది ఇదే. ఇది మంట కాదు గానీ మనిషిని కాల్చడానికి తక్కువేం కాదు. రేడియేటర్ లోపల ప్రెజర్ ఉంటది కాబట్టి నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు, సుమారు 120 దాకా ఆగుతయ్. ప్రెషర్ కుక్కర్ సంగతే అనుకోండి. మీరు మూత తిప్పగానే ప్రెజర్ పోతది, లోపలున్న నీళ్లన్నీ ఒకేసారి ఆవిరై పైకి చిమ్ముతయ్. మొహం, మెడ, చేతులు బొబ్బలెక్కి దవాఖానకు పోయినోళ్లు నాకు తెలుసు. అరగంట ఆగండి, ఎండాకాలం అయితే ఇంకొంచెం ఎక్కువే. పైపు మీద చెయ్యి పెట్టగలిగినంత చల్లారినాకనే, మందం గుడ్డ వేసి, మెల్లగా తిప్పండి. ఉడుకుతున్న ఇంజన్ మీద చల్లటి నీళ్లు కుమ్మరించొద్దు, లోహం పగులుతది.

ఇంకో చిట్కా ఉంది. పొగ ఇంకా రాలేదు, టెంపరేచర్ ముల్లు మాత్రం పైకి పోతుంది. అప్పుడు ఏసీ ఆపి, హీటర్ ఫుల్లుగా పెట్టండి. మే నెలలో హీటరా అని నవ్వకండి. ఇంజన్ వేడిలో కొంత హీటర్ గుండా బయటికి పోతది, బండి పక్కకు తీసుకునేంత టైం దొరుకుతది.

ప్లాస్టిక్, రబ్బరు కాలిన వాసన వస్తే వైరింగ్ అనుకోండి. ఎలుకలు కొరికిన వైర్లు, బయట షాపులో వేయించిన లైట్లు, ఆంప్లిఫయర్లు, వీటి నుంచే ఎక్కువ. నీలం పొగ సైలెన్సర్ నుంచి వస్తే ఆయిల్ కాలుతున్నట్టు. అది మెకానిక్ పని, పరుగెత్తే పని కాదు. అదే నీలం పొగ బానెట్ కింది నుంచి వస్తే మాత్రం వేడి సైలెన్సర్ మీద ఆయిల్ పడుతున్నట్టు, అప్పుడు ఆపి దిగాల్సిందే.

మన జిల్లాల్లో ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. రోడ్డు మీద పంట ఆరబోస్తరు. యాసంగిలో వడ్లు, చలికాలంలో కంది కట్టె, ఉలవలు. బండ్లు తొక్కితే గింజ రాలుతదని కట్టె పరుస్తరు. రైతును తిట్టి లాభం లేదు, చాలా ఊర్లలో కల్లాలు లేవు. కానీ ఎండిన కట్టె, తీగ కారు కింద చుట్టుకుంటది. యాక్సిల్‌కు, సైలెన్సర్‌కు తగులుకుంటది. కింద ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ కొన్ని వందల డిగ్రీల వేడి ఎక్కుతది, ఎండుగడ్డికి అది చాలు. కాబట్టి వీలైతే పక్కనుంచి పోండి. తప్పక తొక్కాల్సి వస్తే, దాటినాక ఖాళీ జాగాలో ఆపి కిందికి వంగి చూడండి. గడ్డి ఇరుక్కుని ఉంటే ఇంజన్ ఆపి, చేత్తో కాదు, కట్టెతో లాగండి. కింది నుంచి పొగ వస్తుంటే ఆ కుప్ప మీద మాత్రం ఆపొద్దు, కుప్ప కూడా అంటుకుంటది. కొంచెం ముందుకు, తారు మాత్రమే ఉన్న చోటికి పోయి ఆపి, దిగి దూరం జరగండి. వేడి బండిని ఎండుగడ్డి మీద పార్క్ చేయడం కూడా ఇట్లాంటిదే.

శ్రీశైలం పోయేటోళ్లు దోమలపెంట దాటినాక ఘాట్ దిగేటప్పుడు చక్రాల నుంచి పొగ, మాడు వాసన చూసి భయపడతరు. అది బ్రేకులు వేడెక్కడం. చిన్న గేర్‌లో దిగితే ఆ పరిస్థితే రాదు. వచ్చిందంటే ఆపండి, నీళ్లు పోయొద్దు, టైర్ కింద రాయి పెట్టి చల్లారనివ్వండి. మన్ననూరు అవతల అడవిలో సిగ్నల్ దొరకడం కష్టం, రాత్రి 9 గంటలకు గేటు మూస్తరు. ఆ లెక్క చూసుకొని బయల్దేరండి.

మంటలార్పే సిలిండర్ సంగతి. ఒక కిలో డ్రై పౌడర్, ఏబీసీ రకం కొనండి. డిక్కీలో కాదు, డ్రైవర్ సీటు కింద పెట్టుకోండి. పిన్ను లాగి, మంట మొదలుకు గురిపెట్టి, అటూ ఇటూ ఊపుతూ కొట్టాలి. 8, 10 సెకన్లలో అయిపోతది. అంటే అరచేయంత మంటకు మాత్రమే అది. సీట్లకు అంటుకుందంటే సిలిండర్ పడేసి వెనక్కి రండి. ఆయిల్, పెట్రోల్ మంట మీద నీళ్లు పోస్తే మంట తేలుకుంటూ పరుచుకుంటది.

తలుపులు ఇరుక్కుంటే పక్క అద్దం మూలన కొట్టండి, నడిమిట్ల కాదు. ముందు అద్దం జోలికి పోవద్దు, అది రెండు పొరల అద్దం, పగిలినా ఊడిరాదు. అద్దం పగలగొట్టే చిన్న సుత్తి, బెల్టు కోసే బ్లేడు కలిపి దొరుకుతది, కొని చేతికందే చోట పెట్టుకోండి. అది లేకుంటే సీటు హెడ్‌రెస్ట్ పీకి దాని ఇనుప కడ్డీలు వాడొచ్చు.

కరెంటు కార్లున్నోళ్లకు ఒక్క మాట. కింది నుంచి తెల్ల పొగ, బుస్సుమనే చప్పుడు వస్తే అది కూలెంట్ ఆవిరి అనుకోవద్దు, బ్యాటరీ గ్యాస్ కావచ్చు. వంద అడుగులు చాలవు, ఇంకా దూరం పోండి. చిన్న సిలిండర్‌తో అది ఆరదు. 101కు ఫోన్ చేసినప్పుడు కరెంటు బండి అని ముందే చెప్పండి, వాళ్లకు చాలా నీళ్లు కావాలి. ఆరిందనుకున్న బ్యాటరీ గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత కూడా మళ్లీ అంటుకుంటది. అందుకని దాన్ని ఇంటి పక్కన, షెడ్డులో పెట్టొద్దు.

ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే కాలిన మీ కారుకు డబ్బులు రావు. పాలసీ కాగితం ఈ రోజే తీసి చూసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో ఎండాకాలం టైర్ల గాలి గురించి మాట్లాడుకుందాం. ఉంటానండీ.