రెబ్బె యను పిలుపు

తూర్పు ఐరోపా యూదులు తమ గురువులను ‘రెబ్బె’ యని పిలుచుచు వచ్చిరి. ఆ మాట యెట్లు పుట్టినదో, దాని యర్థమేమో విచారింతము.

వారి యింటి భాష యిద్దిషు. దాని కట్టు జర్మను భాషది; లిపి హీబ్రూది; మతమునకు సంబంధించిన మాటలనేకము హీబ్రూనుండి వచ్చినవే. హీబ్రూలో ‘రవ్’ అనగా గొప్పవాడు. ‘రబ్బీ’ అనగా నా గొప్పవాడు, నా గురువు. మన ‘గురు’ శబ్దమునకును బరువైనది, గొప్పది యనియే కదా మొదటి యర్థము! బైబిలు చదివినవారికి రబ్బీ శబ్దము క్రొత్త కాదు. యోహాను సువార్తయే దానికి బోధకుడని యర్థము చెప్పినది. ఆ రబ్బీయే యిద్దిషువారి నోట రెబ్బె యయినది. ఇందలి హీబ్రూ అక్షరములను విడదీసి, ‘ఇశ్రాయేలు సంతతికి శిరస్సు’ అని భక్తులు చెప్పుదురు. అది భక్తి కల్పించిన యర్థమే గాని వ్యుత్పత్తి కాదు.

పిల్లలచే అక్షరములు దిద్దించు బడిపంతులును వారికి రెబ్బెయే. బడిలోనే జీవితము గడపిన నాకు ఈ సంగతి సంతోషము గూర్చినదని దాచనేల? దీనినే ‘రెబ్’ అని కుదించి, మనము పేరు చివర ‘గారు’ చేర్చునట్లు, వారు గృహస్థుల పేర్లకు ముందు చేర్చుదురు.

18వ శతాబ్దమున ఈ మాటకు వేరొక బరువు వచ్చినది. నేటి యుక్రెయినులోని మెజిబిజ్ గ్రామమున బాల్ షెం తోవ్ అను మహనీయుడుండెను, 1760లో గతించెను. చదువురానివాడును ఆనందముతో ప్రార్థించి దేవుని చేరవచ్చునని ఆయన బోధ. ఆ మార్గమువారు హసీదులు. ఊరి ధర్మశాస్త్ర పండితుడు ‘రోవ్’, శాస్త్రసందేహము తీర్చువాడాయన. సంతానము లేదనియు, రోగము తగ్గలేదనియు, అప్పు తీరలేదనియు చీటి వ్రాసికొని పోవునది మాత్రము రెబ్బె యొద్దకు. విశ్రాంతిదినమున ఆయన రుచిచూడగా మిగిలిన యన్నమునకై, మనవారు ప్రసాదమునకు వలె, శిష్యులు చేతులు చాచుదురు. రోవ్ పదవి చదువువలన వచ్చును; రెబ్బె పీఠము శిష్యుల విశ్వాసమువలన నిలుచును, పిమ్మట కొడుకునకో అల్లునకో సంక్రమించును. శాస్త్రాధ్యయనము చులకనయగుచున్నదని 1772లో విల్నా నగరపు యూదులు హసీదులను వెలివేసిరి. ఆ భయము నిరాధారమని నేననజాలను. అయినను ఏడ్చువానికి తీర్పుకంటె తోడు ముందు కావలెను గదా!

రెబ్బెలను వారి యూరి పేరుతో పిలుచుట వాడుక. పోలండులోని గూరా కాల్వార్యాను యూదులు ‘గేర్’ అందురు. 1940లో గేర్ రెబ్బె తప్పించుకొని యెరూషలేము చేరెను. ఊరనున్న యూదులను నాజీలు సంహరించిరి. గేర్ అను పేరు మాత్రము రెబ్బె బిరుదమునకు ముందు నేటికిని పలుకబడుచున్నది.