వడ్డీరేట్లు పెరిగే కాలంలో స్వల్పకాలిక పొదుపు

స్వల్పకాలిక పొదుపు అనగా కొద్ది రోజుల నుండి సుమారు రెండు సంవత్సరాల లోపు తిరిగి అవసరపడే డబ్బును, అసలుకు నష్టం రాకుండా, కొంత ఆదాయం వచ్చే విధంగా దాచుకొనుట. పిల్లల కళాశాల రుసుము, ఇంటిలో జరగబోయే పెళ్ళి ఖర్చు, అనుకోని వైద్య అవసరం, సంక్రాంతికి పత్తి అమ్మిన రైతు జూన్‌లో విత్తనాల కొరకు దాచుకునే సొమ్ము మొదలైనవి ఇందుకు ఉదాహరణలు. వడ్డీరేట్లు నిలకడగా ఉన్న రోజులలో ఇటువంటి పొదుపు గురించి పెద్దగా ఆలోచించవలసిన పని ఉండదు. రేట్లు పెరుగుతున్నపుడు మాత్రం "ఈ రోజు ఎవరు ఎక్కువ వడ్డీ ఇస్తున్నారు" అన్న ప్రశ్న కంటే "ఈ డబ్బు ఎంతకాలం కట్టుబడి ఉంటుంది, మధ్యలో తీస్తే ఎంత పోతుంది" అన్న ప్రశ్న ముఖ్యమవుతుంది. ఈ వ్యాసంలో భారతదేశంలో 2022 మే నుండి 2023 ఫిబ్రవరి వరకు జరిగిన రేట్ల పెంపును ఆధారంగా చేసుకొని వివిధ మార్గాల పోలిక ఇవ్వబడింది.

నేపథ్యం

బ్యాంకులకు స్వల్పకాలానికి అప్పు ఇచ్చునపుడు భారతీయ రిజర్వు బ్యాంకు వసూలు చేసే వడ్డీని రెపో రేటు అంటారు. ధరలు వేగంగా పెరుగుతున్నపుడు వాటిని అదుపు చేయడానికి రిజర్వు బ్యాంకు ఈ రేటును పెంచుతుంది. కరోనా సమయంలో, 2020 మే నెలలో, ఇది 4 శాతానికి తగ్గించబడి రెండు సంవత్సరాల పాటు అక్కడే ఉన్నది. 2022 ఏప్రిల్‌లో చిల్లర ధరల ద్రవ్యోల్బణం 7.79 శాతానికి చేరడంతో పరిస్థితి మారినది. 2022 మే 4న రెపో రేటు 4.40 శాతం అయినది. ఆ తరువాత జూన్‌లో 4.90, ఆగస్టులో 5.40, సెప్టెంబరు 30న 5.90, డిసెంబరులో 6.25, 2023 ఫిబ్రవరి 8న 6.50 శాతానికి చేరినది. అనగా తొమ్మిది నెలల కాలంలో రెండున్నర శాతం పెరిగినది. అంతకు ముందు 2010 మార్చి నుండి 2011 అక్టోబరు వరకు పదమూడు విడతలుగా 4.75 నుండి 8.50 శాతం వరకు పెంచిన సందర్భం కూడా కలదు.

అప్పుకు ముందు, డిపాజిట్‌కు వెనుక

రెపో రేటు పెరిగిన వెంటనే తమ డిపాజిట్లపై వడ్డీ కూడా అంతే పెరుగుతుందని చాలామంది భావిస్తారు. ఇది నిజం కాదు. 2019 అక్టోబరు నుండి బ్యాంకులు కొత్తగా ఇచ్చే చర వడ్డీ గృహ ఋణాలు రెపో రేటు వంటి బయటి కొలమానానికి ముడిపెట్టబడినవి. కాబట్టి రేటు పెరిగిన కొద్ది వారాలు, నెలలలోనే ఋణగ్రహీతల వాయిదా పెరుగుతుంది. డిపాజిట్లకు అటువంటి ముడి లేదు. బ్యాంకుకు డబ్బు అవసరమైనపుడే, అనగా ఋణాలకు గిరాకీ పెరిగి డిపాజిట్లు చాలనపుడే, అది డిపాజిట్‌దారుకు ఎక్కువ ఇస్తుంది.

భారతీయ స్టేట్ బ్యాంకు ఉదాహరణ దీనిని బాగా తెలుపుతుంది. ఒక సంవత్సరం కాలపరిమితి డిపాజిట్‌పై ఆ బ్యాంకు రేటు 2022 మే నెలలో 5.10 శాతం. జూన్‌లో 5.30, ఆగస్టులో 5.45 అయినది. అనగా సెప్టెంబరు ముగిసేసరికి రెపో రేటు 1.90 శాతం పెరగగా డిపాజిట్ రేటు కేవలం 0.35 శాతం పెరిగినది. ఆ తరువాత కదలిక ఒక్కసారిగా వచ్చినది. అక్టోబరులో వారం రోజుల తేడాతో రెండు మార్లు పెంచి 6.10కు, డిసెంబరులో 6.75కు, 2023 ఫిబ్రవరిలో 6.80కు తెచ్చారు. అదే ఫిబ్రవరిలో 400 రోజుల ప్రత్యేక డిపాజిట్‌పై 7.10 శాతం ప్రకటించారు. తొలి పెంపు వార్త వినగానే తొందరపడి ఏడాదికో, రెండేళ్ళకో డబ్బు కట్టినవారు ఈ రెండవ భాగాన్ని అందుకోలేకపోయారు.

పొదుపు ఖాతా సంగతి ఇంకా విచిత్రం. 2011 అక్టోబరు 25న పొదుపు ఖాతా వడ్డీని నిర్ణయించుకునే స్వేచ్ఛ బ్యాంకులకు లభించినది. పోటీ వలన రేట్లు పెరుగుతాయని అప్పట్లో ఆశించారు. కొన్ని ప్రైవేటు బ్యాంకుల విషయంలో అది కొంత జరిగినది. కానీ 2022-23లో రెపో రేటు రెండున్నర శాతం పెరిగినా స్టేట్ బ్యాంకులో సామాన్యుల పొదుపు ఖాతాపై వడ్డీ 2.70 శాతం చుట్టుపక్కలే ఆగిపోయినది. ఖాతాదారులు డబ్బును కదపరని బ్యాంకులకు తెలుసు. రేట్లు పెరిగే కాలంలో సామాన్య కుటుంబానికి కలిగే నష్టంలో పెద్ద భాగం తప్పు డిపాజిట్ ఎంచుకోవడం వలన కాక, పొదుపు ఖాతాలో డబ్బును ఊరక ఉంచడం వలన కలుగుతుంది.

మార్గాల పోలిక

కాలపరిమితి డిపాజిట్: వాడుకలో ఫిక్సెడ్ డిపాజిట్ అంటారు. కనీస గడువు 7 రోజులు. ఒకసారి కట్టిన తరువాత రేటు మారదు. రేట్లు తగ్గే కాలంలో ఇది వరం, పెరిగే కాలంలో బంధనం. అయితే సాధారణ డిపాజిట్లను మధ్యలో తీసుకొనే వీలు ఉన్నది. ఎంత నష్టపోవలసి వస్తుందో తరువాతి విభాగంలో చూడవచ్చు. పొదుపు ఖాతాలో ఒక హద్దు దాటిన సొమ్ము దానంతట అదే డిపాజిట్‌గా మారే స్వీప్ సదుపాయం కొన్ని బ్యాంకులలో కలదు. డబ్బును తరచుగా చూసుకొనే ఓపిక లేనివారికి ఇది ఉపయోగకరం.

తపాలా కార్యాలయ టైం డిపాజిట్: దీనికి కేంద్ర ప్రభుత్వ హామీ ఉన్నది, ఆ హామీకి పరిమితి లేదు. వడ్డీరేట్లు మూడు నెలలకు ఒకసారి ప్రకటించబడతాయి. ఒక సంవత్సరం డిపాజిట్‌పై 2022 డిసెంబరు ముగిసే వరకు 5.5 శాతమే ఉండి, 2023 జనవరి 1న ఒక్కసారిగా 6.6 శాతమైనది. ఏప్రిల్‌లో 6.8, జూలైలో 6.9 అయినది. కావున 2022 మే నెలలో బ్యాంకు కంటే తపాలా కార్యాలయం మెరుగు, డిసెంబరులో తపాలా కార్యాలయం కంటే బ్యాంకు చాలా మెరుగు. ఇందులో ఆరు నెలల లోపు సొమ్ము వెనక్కు తీసుకొనుటకు వీలు లేదు. ఆరు నెలలు దాటి సంవత్సరం లోపు తీసుకుంటే తపాలా పొదుపు ఖాతా వడ్డీ మాత్రమే, అనగా 4 శాతం, లభిస్తుంది.

ట్రెజరీ బిల్లులు: కేంద్ర ప్రభుత్వం 91, 182, 364 రోజులకు చేసే అప్పు పత్రాలు. వీటిపై విడిగా వడ్డీ ఉండదు. ముఖ విలువ కంటే తక్కువకు అమ్మి, గడువు తీరిన రోజున పూర్తి విలువ చెల్లిస్తారు. ఉదాహరణకు 10,000 రూపాయల 91 రోజుల బిల్లును 9,830 రూపాయలకు కొంటే లాభం 170 రూపాయలు. సంవత్సరానికి లెక్కిస్తే ఇది సుమారు 6.94 శాతం. రిజర్వు బ్యాంకు 2021 నవంబరు 12న ప్రారంభించిన రిటైల్ డైరెక్ట్ పథకం ద్వారా సామాన్యులు కూడా కనీసం 10,000 రూపాయలతో వీటిని వేలంలో కొనవచ్చును. బ్యాంకుల వలె ఇవి ఆలస్యం చేయవు. వేలంలో ధర అప్పటికప్పుడు నిర్ణయమవుతుంది గనుక రెపో పెంపు ఇక్కడ ముందుగా కనబడుతుంది. 2022 ఏప్రిల్‌లో 4 శాతం దరిదాపులలో ఉన్న 91 రోజుల బిల్లు రాబడి 2023 మార్చి నాటికి 7 శాతం దరిదాపులకు చేరినది. గడువుకు ముందే అమ్ముకోవాలంటే మాత్రం చిన్న మొత్తాలకు కొనుగోలుదారు వెంటనే దొరకకపోవచ్చును.

లిక్విడ్ ఫండ్లు: 91 రోజుల లోపు గడువు గల పత్రాలలో మాత్రమే పెట్టుబడి పెట్టే మ్యూచువల్ ఫండ్లు. ఏడవ రోజు నుండి నిష్క్రమణ రుసుము లేదు. పాత పత్రాలు త్వరగా తీరిపోయి కొత్తవి ఎక్కువ రేటుకు కొనబడతాయి కాబట్టి రేట్ల పెంపు రెండు మూడు నెలలలో రాబడిలోకి వస్తుంది. రేట్లు పెరిగితే పాత పత్రాల విలువ తగ్గుతుంది గదా అన్న అనుమానం సహజం. సగటు గడువు 45 రోజులైతే, రేటు ఒక శాతం పెరిగినా విలువ తగ్గేది సుమారు 0.12 శాతమే. అది పది రోజుల ఆదాయంతో పూడిపోతుంది. పదేళ్ళ ప్రభుత్వ బాండుకు అదే పెంపు వలన 7 శాతం వరకు విలువ తగ్గగలదు. అయినా లిక్విడ్ ఫండు డిపాజిట్ కాదు. రూపాయి పతనాన్ని ఆపడానికి 2013 జూలై 15న రిజర్వు బ్యాంకు అత్యవసర నిధుల రేటును 10.25 శాతానికి పెంచగా, మరునాడు లిక్విడ్ ఫండ్ల విలువ కూడా తగ్గినది. 2023 ఏప్రిల్ 1 తరువాత ఋణ ఫండ్లలో పెట్టిన పెట్టుబడిపై లాభానికి, ఎంతకాలం ఉంచినప్పటికీ, వ్యక్తి ఆదాయపు శ్లాబు ప్రకారమే పన్ను పడుతుంది.

చిట్టీలు: ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో చిట్టీ కట్టని కుటుంబాలు తక్కువ. డబ్బుకు ఇబ్బంది పెరిగినపుడు పాటదారులు ఎక్కువ తగ్గింపుకు పాడుకుంటారు, అందువలన మిగిలినవారికి డివిడెండు పెరుగుతుంది. కానీ ఇది డిపాజిట్ కాదు, దీనికి డిపాజిట్ బీమా లేదు. కావలసిన రోజున డబ్బు చేతికి వచ్చేది పాటను బట్టి. కాబట్టి మిగిలిన వాటితో నేరుగా పోల్చుట సరికాదు.

మధ్యలో తీసుకొనుట

రేటు పెరిగినదని పాత డిపాజిట్‌ను రద్దు చేసి కొత్తది వేయాలా అన్నది ఈ కాలంలో అందరికీ కలిగే సందేహం. ముందుగా తీసుకున్నవారికి బ్యాంకు ఒప్పుకున్న రేటును ఇవ్వదు. డబ్బు నిజంగా ఎన్ని రోజులు ఉన్నదో అన్ని రోజులకు, డిపాజిట్ వేసిన నాడు ఉన్న రేటును తీసుకొని, అందులో నుండి సాధారణంగా అర శాతమో ఒక శాతమో తగ్గించి ఇస్తుంది. ఈ రెండు కోతలలో రెండవది మాత్రమే ఎక్కువమందికి తెలుసు. మొదటిదే పెద్దది.

2022 మే ఆరంభంలో లక్ష రూపాయలు 5.10 శాతానికి ఒక సంవత్సరం వేసినవారు అక్టోబరు చివర 6.10 శాతం చూసి రద్దు చేసుకున్నారని అనుకుందాం. మే నెలలో ఆరు నెలల డిపాజిట్ రేటు 4.40 శాతం. అర శాతం కోత పోగా వచ్చేది 3.90 శాతం. లెక్క సులభంగా ఉండుటకు బారువడ్డీ తీసుకుంటే, మొదటి ఆరు నెలలకు 2,550 రూపాయలకు బదులు 1,950 వస్తుంది. నష్టం 600. మిగిలిన ఆరు నెలలకు ఒక శాతం ఎక్కువ కాబట్టి లాభం 500. అనగా వంద రూపాయలు చేతి నుండి పోయినవి. అంతేకాక కొత్త డిపాజిట్ 2023 అక్టోబరు వరకు 6.10 శాతానికే కట్టుబడినది. ఓపిక పట్టినవారు మే నెలలో 6.80కి కొత్తగా వేసుకోగలిగారు.

డిపాజిట్ వేసి కొద్ది రోజులే అయి, గడువు ఇంకా చాలా ఉంటే లెక్క తారుమారవుతుంది. ఐదేళ్ళకు 5.5 శాతానికి వేసిన లక్ష రూపాయలను రెండు నెలలకే తీస్తే, ఆ రెండు నెలలకు 3.4 శాతమే వచ్చినా నష్టం 350 రూపాయలు. కొత్త రేటు 0.6 శాతం ఎక్కువైతే ఏడు నెలలలో అది తిరిగి వస్తుంది, మిగిలిన నాలుగేళ్ళ పైచిలుకు అంతా లాభమే. కాబట్టి రద్దు చేయదలచినవారు మొదట్లోనే చేయాలి, సగం గడువు దాటిన తరువాత చేయరాదు.

చిన్న గడువా, పెద్ద గడువా

రేట్లు పెరుగుతాయని తెలిసినపుడు మూడు మూడు నెలలకు వేస్తూ పోవడమే మంచిదని ఒక అభిప్రాయం ఉన్నది. ఇది సగమే నిజం. రేట్లు పెరుగుతాయని మార్కెట్టుకు కూడా తెలుసు, ఆ అంచనా ఏడాది రేటులో ముందే కలిసి ఉంటుంది. మూడు నెలల రేటు 4 శాతం, ఏడాది రేటు 5 శాతం అయితే, తరువాతి మూడు త్రైమాసికాల సగటు రేటు 5.33 శాతం దాటినపుడే చిన్న గడువు గెలుస్తుంది. రేట్లు పెరగడం మాత్రమే చాలదు, అనుకున్న దానికంటే ఎక్కువ పెరగాలి. 2022లో అలాగే జరిగినది. ప్రతిసారీ జరగదు.

ఈ ఊహాగానం చేయలేనివారికి నిచ్చెన పద్ధతి అనుకూలం. మూడు లక్షలు ఉన్న కుటుంబం 75,000 చొప్పున 3, 6, 9, 12 నెలలకు వేసి, ఒక్కొక్కటి గడువు తీరినపుడు దానిని సంవత్సరానికి తిరిగి వేస్తుంది. అప్పుడు ప్రతి మూడు నెలలకు కొంత సొమ్ము చేతికి వస్తుంది, పెరిగిన రేటు కొంతైనా అందుతుంది, అవసరం పడితే ఒక మెట్టును మాత్రమే విరగగొట్టవచ్చును.

ధరలు, పన్ను

2022 మే నెలలో 7.79 శాతం ద్రవ్యోల్బణం చూసి 5.10 శాతం డిపాజిట్ దండగ అని చెప్పుకున్నారు. కానీ 7.79 అన్నది గడచిన సంవత్సరపు లెక్క. డిపాజిట్‌దారుకు కావలసినది రాబోయే సంవత్సరపు లెక్క. 2022 మే నుండి 2023 మే వరకు ధరలు పెరిగినది సుమారు 4.3 శాతం. 5.10 శాతం డిపాజిట్ త్రైమాసిక చక్రవడ్డీతో 5.20 శాతం ఇచ్చినది. పన్ను లేనివారికి ఒక శాతం లోపు మిగిలినది. 20 శాతం పన్ను శ్లాబులో ఉన్నవారికి 4.16 శాతమే మిగిలి ధరల కంటే కొంచెం వెనుకబడినది. పొదుపు ఖాతాలో 2.70 శాతానికి ఉంచినవారు ఏ విధంగా చూసినా నష్టపోయారు.

బ్యాంకు వడ్డీపై మూలంలోనే పన్ను కోసే పరిమితి 2025 ఏప్రిల్ 1 నుండి సంవత్సరానికి 50,000 రూపాయలకు, వయోవృద్ధులకు 1,00,000 రూపాయలకు పెంచబడినది. కోత లేనంత మాత్రాన పన్ను లేదని అర్థం కాదు, వడ్డీని ఆదాయంలో చూపవలసినదే.

భద్రత

రేట్లు పెరిగే కాలంలో కొన్ని చిన్న బ్యాంకులు, సహకార సంస్థలు మిగిలినవారి కంటే ఒకటి రెండు శాతం ఎక్కువ ప్రకటిస్తాయి. డిపాజిట్ బీమా ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్క వ్యక్తికి, అసలు వడ్డీ కలిపి 5 లక్షల రూపాయల వరకు వర్తిస్తుంది. 2020 ఫిబ్రవరి 4కు ముందు ఇది లక్ష రూపాయలే. హైదరాబాదులో 2001లో కృషి సహకార బ్యాంకు, 2002లో చార్మినార్ సహకార బ్యాంకు కుప్పకూలినపుడు లక్షకు మించి దాచుకున్నవారు ఎదుర్కొన్న కష్టాలు పాతబస్తీలో, పరిసరాలలో చాలామందికి ఇప్పటికీ గుర్తే. బ్యాంకుపై ఆంక్షలు విధించిన 90 రోజులలో బీమా సొమ్ము చెల్లించాలన్న నియమం 2021లో వచ్చినది. ఐదు లక్షల లోపు సొమ్ముకు కూడా ఆ మూడు నెలల నిరీక్షణ తప్పదు, ఆసుపత్రి ఖర్చుకు దాచినవారికి అది కూడా ఎక్కువే. మ్యూచువల్ ఫండ్లకు ఈ బీమా లేదు. 2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ సంస్థ ఆరు ఋణ పథకాలను మూసివేసినది. అవి లిక్విడ్ ఫండ్లు కావు. మదుపరులకు సొమ్ము విడతలుగా తిరిగి వచ్చినది, కానీ అవసరమైన రోజున రాలేదు.

పెంపు ఆగిన తరువాత

రెపో రేటు 6.50 శాతం వద్ద రెండు సంవత్సరాలు నిలిచి, 2025 ఫిబ్రవరిలో 6.25కు, ఏప్రిల్‌లో 6.00కు, జూన్‌లో 5.50కు, డిసెంబరులో 5.25కు తగ్గినది. పెరిగేటపుడు నెలల తరబడి ఆలస్యం చేసిన బ్యాంకులు తగ్గించేటపుడు అంత ఆలస్యం చేయలేదు. 2025 జూన్‌లో స్టేట్ బ్యాంకు పొదుపు ఖాతా వడ్డీ కూడా 2.70 నుండి 2.50 శాతానికి తగ్గినది. 2023, 2024 సంవత్సరాలలో నిచ్చెనలోని మెట్లను ఒక్కొక్కటిగా రెండు, మూడు సంవత్సరాల గడువుకు మార్చుకున్నవారికి మాత్రం ఏడు శాతం దరిదాపు రేటు ఆ గడువు ముగిసే వరకు కొనసాగినది.