రెండు రూపాయల వడ్డీ అంటే ఎంత?

ఇంటర్ కామర్స్ పిల్లలకు వడ్డీ పాఠాన్ని నేను సూత్రంతో మొదలుపెట్టను. "మీ ఊళ్లో అప్పు ఎంతకు పుడుతుంది?" అని అడుగుతాను. "రెండ్రూపాయలు సార్" అంటారు ఠక్కున. అంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి 24 శాతం. అది బోర్డు మీద పడ్డాక వెనక బెంచీలూ సర్దుకుని కూర్చుంటాయి.

ఇక ఫోన్‌లో యాప్ అప్పు. మంజూరైంది 5,000. ప్రాసెసింగ్ ఫీజు పోను చేతికొచ్చింది 3,500. వారానికల్లా 5,000 కట్టాలి అనుకుందాం. వడ్డీని చేతికొచ్చిన డబ్బు మీదే లెక్కకట్టమంటాను. వారానికే దాదాపు 43 శాతం! నెలకు నూటికి 180 రూపాయలు దాటుతుంది. ఊరి వడ్డీ వ్యాపారి ధర్మప్రభువులా కనిపిస్తాడు.

ఖర్చులన్నీ కలిపిన వార్షిక రేటును ముందే పత్రంలో చూపాలని, ఫోన్‌లోని కాంటాక్టుల జోలికి పోకూడదని 2022లోనే రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. ఈ రెండూ పాటించని యాప్‌ని తీసిపారేయమంటాను.

సిబిల్ స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుందని చెప్పి ముందుకెళ్తాను. దానికోసం ఇప్పట్నుంచే బెంగ దేనికి?

హామీ సంతకం దగ్గర మాత్రం చాలాసేపు ఆగుతాను. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో, మామూలుగా హామీదారుకూ అంతే. బ్యాంకు నేరుగా అతన్నే అడగొచ్చు.

"మా నాన్న మామయ్యకు పెట్టాడు సార్, ఇప్పుడు వెనక్కి తీసుకోవచ్చా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఇచ్చేసిన అప్పుకైతే, బ్యాంకు ఒప్పుకుంటే తప్ప కుదరదు.