అన్ని జెముళ్లు ఒక్కటి కాదు

మొన్న ఒక తమ్ముడు ఫోన్ చేసిండు. "అన్నా, ముళ్లులేని జెముడు పెడితే జీవాలకు మేతయితదంటున్నరు. మన కంచె మీది నాగజెముడు గూడ అదే గద, మళ్ల కొనుడెందుకు?" అని అడిగిండు. అడగాల్సిన ప్రశ్నే.

రెండూ ఒపన్షియా కుదురువే. రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చినయే. రెండిట్ల మనం ఆకనుకునేది ఆకు కాదు, కాండం. పగలు రంధ్రాలు మూసుకొని రాత్రి గాలి పీలుస్తయి, అందుకే ఎండకు తట్టుకుంటయి.

తేడా ఏందంటే, నాగజెముడు గుబురుగ నేలను కమ్ముకుంటది. పసుప్పచ్చ ముళ్లు పొడుగ్గుంటయి. పండు ఊదారంగుల ఉంటది. మెక్సికోల సాగుచేసి మలుచుకున్న రెండోది, ఫైకస్ ఇండికా, చిన్న చెట్టంత పెరుగుతది. మట్టలు పెద్దగుంటయి, పెద్ద ముళ్లు ఉండయి. కని సన్న నూగుముళ్లు దానికీ ఉంటయి, ఒట్టి చేతుల్తోని పట్టొద్దు. మట్ట నాటితే తల్లి లెక్కనే వస్తది, గింజ నుంచి మొలిస్తే ముళ్లు తిరిగి రావొచ్చు.

ఈ తేడా తెల్వక ఎనకట ఏమైందో చూడుర్రి. 1795ల ఎర్రరంగు పురుగనుకొని బ్రెజిల్ నుంచి ఒక పురుగును మన దేశానికి తెచ్చిన్రు. అది అసలుది కాదు, దాని చుట్టం. రంగు వ్యాపారం నడ్వలె గని, మోనకాంత అనే జెముడును మాత్రం ఊడ్చిపెట్టింది. నాగజెముడు జోలికి పోలె. 1926ల శ్రీలంక నుంచి ఇంకో జాతి పురుగును తెస్తెనే దక్షిణాదిల నాగజెముడు తగ్గింది. ఆ రెండో జాతి పురుగే 2014 నుంచి మొరాకోల ఫైకస్ ఇండికా తోటలను నాశనం చేసింది. పురుగుకు తెలిసిన తేడా మనకు తెల్వకపోతెట్ల?

మేత సంగతికొస్తే, మట్టల పదింట తొమ్మిది వంతులు నీళ్లే, మాంసకృత్తులు తక్కువ. ఒట్టిగ అదే వేస్తే పశువు పారుకుంటది. చొప్పలనో గడ్డిలనో కలిపి కొద్దికొద్దిగ అలవాటు చెయ్యాలె. నాగజెముడు ముళ్లతోని వేస్తే నోరు చీరుకపోతది.

ఆఖరుకు నా మాట. బీడని కాయితం మీద రాసిన జాగ శానా ఊర్లల్ల గొర్లు, మేకలు మేసే జాగ. అక్కడ ఏ జెముడు పెట్టినా ముందు గ్రామసభల మూడు ముచ్చట్లు అడుగుర్రి: ఏ రకం పెడుతున్నరు? పురుగొస్తే ఎవరు చూస్తరు? కోసిన మట్ట ఎవరి జీవాలకు? జవాబు చెప్పినంకనే గుంత తవ్వాలె.