అచ్చు పని నుండి ఎలక్ట్రానిక్స్ పరిశ్రమకు: ప్రింటెడ్ సర్క్యూట్ రూపకర్త పాల్ ఐస్లర్

సెల్ ఫోను మొదలుకొని ఉపగ్రహం వరకు ఏ ఎలక్ట్రానిక్ పరికరాన్ని విప్పి చూసినా లోపల రాగి గీతలు గల పలక ఒకటి కనిపిస్తుంది. ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డుగా వ్యవహరించే ఈ పలక పేరులోనే ముద్రణ ఉన్నది. అచ్చు విద్యను రేడియో తయారీకి అన్వయించిన ఘనత ఆస్ట్రియా దేశీయుడైన ఇంజనీరు పాల్ ఐస్లర్‌కు దక్కుతుంది.

1907లో వియన్నా నగరంలో జన్మించిన ఐస్లర్ అక్కడే సాంకేతిక విద్యనభ్యసించారు. యూదుడైన కారణంగా తగిన ఉద్యోగం లభించక కొంతకాలం పత్రికా రంగంలో పనిచేశారు. ముద్రణ మెళకువలు ఆయనకు అలవడినది అక్కడనే. 1936లో ఇంగ్లండు చేరుకున్నారు.

ఆనాడు రేడియో లోపలి తీగలన్నింటినీ కార్మికులు ఒక్కొక్కటిగా చేతితో అమర్చి, టంకం వేసేవారు. ఒక్క అతుకు తప్పినా సెట్టు పలికేది కాదు. తీగలకు బదులు వాటి పటాన్నే అచ్చు వేయవచ్చునని ఐస్లర్ తలచారు. విద్యుత్తు ప్రవహించని పలకపై పలుచని రాగి రేకును అతికిస్తారు. వలయం ఆకృతిని ఆమ్లానికి చెదరని సిరాతో రేకుపై ముద్రిస్తారు. పిదప పలకను రసాయన ద్రావణంలో ముంచగా సిరా లేనిచోట రాగి కరిగిపోతుంది, సిరా కింది రాగి మాత్రం గీతలుగా నిలుస్తుంది. బ్లాకు మేకర్లు జింకు పలకలపై బొమ్మలు చెక్కే పద్ధతి ఎరిగిన వారికి ఇది కొత్తగా తోచదు. చిత్రమేమనగా, రేడియో ఇంజనీర్లకు అది తోచలేదు.

ఐస్లర్ స్వయంగా ఒక రేడియోను తయారు చేసి ఒక ప్రముఖ కంపెనీకి చూపగా, ఆ పని చేసే ఆడపిల్లలు ఇంతకంటె చౌక అని వారు తిరస్కరించారు. యుద్ధం రాగానే 1940లో శత్రుదేశీయుడిగా ఆయనను నిర్బంధించారు. విడుదలైన పిదప లండన్‌లోని ఒక లిథో ముద్రణ సంస్థ ఆయన ఆలోచనకు పెట్టుబడి సమకూర్చినది. అయితే ఒప్పందాన్ని చదువకయే సంతకం చేయడంతో పేటెంటు హక్కులు ఒక్క పౌను నామమాత్రపు సొమ్ముకు సంస్థపరమైనవి. కొంత వాటా మాత్రం ఆయనకు దక్కినది. 1943లో పేటెంటుకు దరఖాస్తు దాఖలైనది.

ఈ దిశగా ఆలోచించిన వారిలో ఐస్లర్ ప్రథముడు కారు. 1925లోనే అమెరికాలో చార్లెస్ డుకాస్ పొందిన పేటెంటు ఒకటి కలదు. యుద్ధకాలంలో అమెరికన్లు సెరామిక్ పలకలపై వెండి పూతతో వలయాలను ముద్రించి ఫిరంగి గుండ్లలో వాడారు. 1963లో అమెరికా న్యాయస్థానం ఐస్లర్ పేటెంట్లు చెల్లవని తీర్పునివ్వడంతో, ఆ దేశపు పరిశ్రమ నుండి రావలసిన రాయల్టీలకు దారి మూసుకుపోయినది. ఆయన 1992లో లండన్‌లో మరణించారు.

నేడు సిరా స్థానంలో కాంతికి స్పందించే పొర వచ్చినది. ఒకే బోర్డులో అనేక పొరలను పేర్చుతున్నారు. భాగాలను అతికించే టంకపు ముద్దను సైతం రంధ్రాలు గల ఉక్కు రేకు గుండా బోర్డుపై అచ్చు వేస్తున్నారు. అనవసరమైన రాగిని కరిగించి తీసివేసే ఐస్లర్ పద్ధతి మాత్రం కర్మాగారాలలో నేటికీ కొనసాగుతున్నది.